నివురు గప్పిన నిప్పు – నీటి కాపలా

దేవనహళ్ళిలో కాపురముంటున్న మన తెలుగు కుటుంబములకు నీటి కథ కొత్తది కాదు. ఈ ఊరికి ఉత్తరమున కనబడు నంది కొండల వరుసలోనే ఉత్తర పినాకిని పుట్టుచున్నది. మనము పెన్న అని పిలుచుకొను ఆ నది అనంతపురము, కడప సీమలను తడుపుకొంటూ నెల్లూరు దాటి సముద్రంలో కలియుచున్నది. అనగా మనము ఇల్లు విడిచి ఎంత దూరం వచ్చినామనుకొన్నా, మన పుట్టినింటి నీటికి మొదలు ఇక్కడనే ఉన్నది. 1501లో మల్లబైరేగౌడ ఇక్కడ కోట కట్టించిననాటి నుండి నిన్న మొన్న విమానాశ్రయం వచ్చిన 2008 వరకు, ఈ మెట్ట నేలలో జనం బ్రతికినది చెరువుల మీదనే. చెరువు కట్ట తెగిన యేడు ఊరు కన్నీరు కార్చినది. కట్ట నిలిచిన యేడు పండుగ చేసికొన్నది.

కిందటి యేడు ఉగాది పచ్చడి పంచుకొని, పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత, మనవారు నలుగురు కూర్చుండి మాట్లాడుకొనుచుండగా ఒక పెద్దమ్మగారు ఒక ప్రశ్న వేసినారు. "కైగాలో అణువులు కాల్చి కరెంటు తీస్తారంటిరి. పొయ్యిలో కట్టె కాలితే బూడిద మిగులుతుంది, ఎరువుకో అంట్లకో వాడుకుంటాము. మరి ఆ పొయ్యిలో మిగిలిన బూడిద ఏం చేస్తారు నాయనా?" అని. అక్కడ ఇంజనీర్లు ఉన్నారు, ఉపాధ్యాయులు ఉన్నారు, వ్యాపారస్థులు ఉన్నారు. ఎవరము వెంటనే సరియైన సమాధానం చెప్పలేకపోయినాము. "నీళ్లలో పెడతారట" అని ఒకరన్నారు. "నీళ్లలో పెడితే నీళ్లు చెడిపోవా?" అని ఆమె మరల అడిగినారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెదకుటయే ఈ వ్యాసం. మేము శాస్త్రజ్ఞులము కాము. చదివి తెలిసికొన్నంత మట్టుకు, తెలిసిన మాటలలో చెప్పుచున్నాము.

ముందు కైగాకు మనకు గల చుట్టరికం చెప్పవలెను. ఉత్తర కన్నడ జిల్లాలో, కాళీ నది ఒడ్డున, కద్రా జలాశయం పక్కన కైగా విద్యుత్కేంద్రం కలదు. ఒక్కొక్కటి 220 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు అక్కడ పనిచేయుచున్నవి. మొదటి రెండు 2000లోను, మూడవది 2007లోను, నాలుగవది 2011లోను విద్యుచ్ఛక్తి అమ్మకానికి సిద్ధమైనవి. అందులో కర్ణాటకకు వాటా కలదు గనుక, మన ఇంటి దీపంలో కైగా వెలుగు కొంత ఉన్నట్లే. ఆ రియాక్టర్లలో వేయు ఇంధనపు కట్టలు ఎక్కడ తయారగునో తెలియునా? 1971లో నెలకొల్పిన హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలో. దానికి ముడిసరకు అందించు గనులలో ఒకటి వై.యస్.ఆర్. కడప జిల్లాలోని తుమ్మలపల్లె. కడప మట్టి హైదరాబాదులో రూపు కట్టి కన్నడ నాట వెలుగగలదు. వలస వచ్చిన మనవంటి కథయే అది!

ఆ కట్ట చూచుటకు చిన్నది. ఇంచుమించు మూరెడు పొడవు, పదిహేను కిలోల పైచిలుకు బరువు. యురేనియం ఆక్సైడు బిళ్లలు నింపిన సన్నని జిర్కోనియం మిశ్రలోహపు గొట్టములు 19 కలిపి ఒక కట్టగా బిగించుదురు. కైగా వంటి రియాక్టరులో 306 గొట్టపు దారులు, ఒక్కొక్క దారిలో 12 కట్టలు, వెరసి 3,672 కట్టలు ఉండును. పూర్తి శక్తితో నడుచునప్పుడు రోజుకు సుమారు ఎనిమిది కట్టలు మార్చవలసి వచ్చును. పొయ్యి ఆర్పకుండనే ఒక వైపు నుండి కొత్త కట్ట తోసి, రెండవ వైపు నుండి వాడిన కట్ట తీయుదురు. ఈ సదుపాయం ఉండబట్టే కైగా మొదటి రియాక్టరు 2016 మే నుండి 2018 డిసెంబరు 31 వరకు 962 రోజులు ఆగకుండా నడిచి, ఆనాటికి ప్రపంచ రికార్డు స్థాపించినది.

కొత్త కట్టను మనిషి చేతితో పట్టుకొని చూడవచ్చును, ప్రమాదం లేదు. అదే కట్ట రియాక్టరులో పనిచేసి బయటికి వచ్చినప్పుడు, ఏ అడ్డూ లేకుండా దాని దగ్గర నిమిషాల సేపు నిలుచున్నా ప్రాణానికి ముప్పు. చూపులకు రెండూ ఒకటే. లోపల జరిగిన మార్పే వేరు. యురేనియం పరమాణువులు చీలినప్పుడు పుట్టిన ముక్కలలో కొన్ని నిలకడ లేనివి. అవి కుదుటపడువరకు కిరణములను వెదజల్లుచు, వేడిని పుట్టించుచుండును. రియాక్టరు ఆపిన క్షణంలో కూడ, నడుచుచుండగా పుట్టిన వేడిలో నూటికి ఆరేడు వంతులు ఇంకను పుట్టుచునే ఉండును. గంట గడచినచో నూటికి ఒకటిన్నర వంతు, ఒక దినం గడచినచో అర వంతు. తగ్గుట నిజమే గాని, పూర్తిగా ఆరుట అన్నది లేదు. కొన్ని పదార్థములు రోజులలో సగమగును. ఎనిమిది రోజులకు సగమగు అయొడిన్-131 అట్టిది. సీసియం-137 సగమగుటకు 30 సంవత్సరములు పట్టును. ప్లూటోనియం-239 సగమగుటకు 24,000 సంవత్సరములు కావలెను.

మన పెద్దలు "నివురు గప్పిన నిప్పు" అన్నారు గదా, ఇది అదే. అయితే ఒక భేదం కలదు. కుంపటిలోని నిప్పు మీద చెంబెడు నీళ్లు పోసినచో ఆరిపోవును. ఈ నిప్పు నీటికి ఆరదు. నీరు దానిని ఆర్పుట లేదు. అది విడిచిన వేడిని ఎప్పటికప్పుడు మోసికొనిపోవుచున్నది, అది విడిచిన కిరణములను దారిలోనే పట్టి ఆపుచున్నది. ఈ మాట గుర్తుంచుకొన్నచో తక్కిన కథ అంతయు సులభముగా తెలియును.

ఈ నీటి ఉపాయం ఎప్పటిది? 1938లో జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ అనువారు యురేనియం చీలుటకు ఆధారము కనుగొన్నారు. మైట్నర్, ఫ్రిష్ అనువారు దాని అర్థం విప్పి చెప్పినారు. 1942 డిసెంబరు 2న చికాగోలో ఫెర్మి బృందం మొదటి రియాక్టరును నడిపినది. మరుసటి యేడు 1943 నవంబరులో అమెరికాలోని ఓక్ రిడ్జిలో పెద్ద గ్రాఫైటు రియాక్టరు ప్రారంభమైనది. దానిలో వాడిన ఇంధనపు కడ్డీలను వెనుక వైపునకు తోయగా అవి జారి లోతైన నీటి గుంటలో పడునట్లు ఏర్పాటు చేసినారు. 1944లో హాన్‌ఫర్డులో కట్టిన రియాక్టరుకు కూడ వెనుక నీటి తొట్టి కట్టినారు. వారాల తరబడి అక్కడ నిలిపి, వేగముగా తరుగు పదార్థములు తరిగిన మీదటనే పైకి తీసెడివారు. ఆనాటి తొందర యుద్ధానిది, బాంబులదే గాని దీపములది కాదు. అయినను ఆ యుద్ధపు గుంట నుండియే నేటి విద్యుత్కేంద్రముల కొలను పుట్టినదని చరిత్ర చెప్పుచున్నది.

ఆ గుంటలలోనికి తొంగి చూచినవారికి చక్కని నీలికాంతి కనబడినది. ఆ కాంతిని 1934లోనే రష్యాలో చెరెంకోవ్ అను యువ శాస్త్రజ్ఞుడు గుర్తించి పరిశీలించినాడు. 1937లో ఫ్రాంక్, టామ్ అనువారు కారణం చెప్పినారు. శూన్యంలో వెలుగును మించిన వేగం దేనికీ లేదు. కాని నీటిలో వెలుగు వేగం ఇంచుమించు ముప్పాతికకు తగ్గును. ఆ నీటిలో వెలుగును దాటి పరుగెత్తు ఎలక్ట్రానులు తమ వెనుక ఈ నీలి జాడను విడుచును. ముగ్గురికీ 1958లో నోబెల్ బహుమానం లభించినది.

మన దేశంలో ఈ నీలికాంతి మొదట కనబడినది బొంబాయి దగ్గరి ట్రాంబేలో. హోమీ భాభా నాయకత్వాన మనవారు కట్టిన మొదటి రియాక్టరు 1956 ఆగస్టు 4న నడక మొదలుపెట్టినది. అది కొలను రియాక్టరు. ఇంధనం అంతయు నీటి కొలనులో మునిగియే పనిచేయును. నెహ్రూగారు దానికి "అప్సర" అని పేరు పెట్టినారు. అప్పు అనగా నీరు. నీటిలో పుట్టిన వెలుగుకు నీటిలో పుట్టిన దేవకన్య పేరు! ఇంతకన్న తగిన పేరు దొరకదని మాకు తోచుచున్నది. ఆ అప్సర అర్ధశతాబ్దికి పైగా సేవ చేసి విశ్రాంతి తీసికొన్నది. దాని స్థానమున కొత్త అప్సర 2018 సెప్టెంబరులో నడక మొదలుపెట్టినది.

ఇప్పుడు పెద్దమ్మగారి రెండవ ప్రశ్నకు వత్తము. నీరు ఎట్లు కాపాడును? లెక్క వేసి చూతము. ఏడు సెంటీమీటర్ల నీరు అడ్డముగా ఉన్నచో వాడిన ఇంధనపు కిరణముల బలం సుమారుగా సగమగును. మరి ఏడు సెంటీమీటర్లకు పాతిక వంతు. చదరంగపు గళ్లలో గింజలు రెట్టింపు చేసికొంటూ పోయిన కథ మన పిల్లలకు తెలిసినదే. ఇది ఆ కథకు తిరగబడిన రూపం. 70 సెంటీమీటర్లకు వెయ్యిలో ఒక వంతు, 140 సెంటీమీటర్లకు పది లక్షలలో ఒక వంతు, రెండు మీటర్ల పదికి నూరు కోట్లలో ఒక వంతు. కొలనులో ఇంధనం మీద నిలుచు నీరు ఎన్నో మీటర్లు. అందుచేతనే కొలను గట్టున మనుషులు నిలుచుండి పని చూచుకొనగలరు. గోడ కట్టినచో లోపల ఏమున్నదో కనబడదు. నీరు అడ్డు నిలిచి కూడ అడుగు కనబడనిచ్చును. కదలికకు దారి ఇచ్చును. వేడిని మోయును. ఇన్ని గుణములు గల కాపలాదారు ఇంత చవుకగా మరొకడు లేడు.

నీరు చెడిపోదా అనగా, ఇంధనం నీటిలో కరుగుట లేదు. అది జిర్కోనియం గొట్టములో మూసి ఉన్నది. బయటి నుండి కిరణములు తాకినంత మాత్రమున నీరు విషమైపోదు. గొట్టమునకు చిల్లి పడినచో మాత్రము లోపలి పదార్థములు కొంత నీటిలో కలియును. అందుకే ఆ నీటిని నిరంతరం తోడి, వడపోసి, రసాయన శుద్ధి చేసి, చల్లార్చి మరల కొలనులోనికి వదలుచుందురు. ఆ నీరు బయటి చెరువులలోనికి పోదు.

కొలను కట్టడంలో ఒక విశేషం మన పల్లె జనానికి వెంటనే తెలియును. మన చెరువుకు తూము ప్రాణం. తూము లేని చెరువు పొలానికి పనికిరాదు. ఈ కొలనుకు తూము లేకపోవుటయే ప్రాణం. అడుగున ఎక్కడను రంధ్రం ఉంచరు. నీటి గొట్టములు పైనుండియే దిగును. గొట్టం తెగినను నీరు దానంతట అది లాగుకొని పోకుండ గాలి సందు ఏర్పాటు చేయుదురు. మందమైన కాంక్రీటు గోడలకు లోపల తుప్పు పట్టని ఉక్కు రేకు తొడుగుదురు. ఆ రేకు వెనుక చెమ్మ చేరినచో తెలియునట్లు కాలువలు పెట్టుదురు. కైగా కట్టలలో సహజ యురేనియం మాత్రమే ఉండును గనుక మామూలు నీటిలో అవి తమంతట తాము మరల మండుకొనవు. శుద్ధిచేసి బలం పెంచిన యురేనియం వాడు కేంద్రములలో మాత్రం కట్టల నడుమ ఎడం ఉంచి, బోరాన్ కలిపిన పలకలు నిలుపుదురు.

ఈ జాగ్రత్తలన్నియు మొదటనే తట్టినవి కావు. దెబ్బ తిని నేర్చుకొన్నవి చాలా ఉన్నవి. వానిని దాచిపెట్టి పొగడ్త మాత్రమే వ్రాయుట ధర్మం కాదు.

మొదటిది హాన్‌ఫర్డులోనిదే. 1950ల నాటి రెండు కొలనులలో, తిరిగి శుద్ధి చేయు పని ఆగిపోయినందున, సుమారు 2,100 టన్నుల ఇంధనం ఏండ్ల తరబడి నిలిచిపోయినది. కొన్నాళ్లకని కట్టినది దశాబ్దములు మోయవలసి వచ్చినది. ఇంధనం తుప్పు పట్టి అడుగున బురదగా చేరినది. ఒక కొలను కారి నీరు నేలలోనికి ఇంకినది. కొలంబియా నది ఆ పక్కనే కలదు. ఆ ఇంధనం తీసి ముగించుసరికి 2004 వచ్చినది. బురద తీయుట అటుపైని ఎన్నో ఏండ్లు సాగినది.

రెండవది హంగరీలోని పాక్షు కేంద్రంలో 2003 ఏప్రిలు 10న జరిగినది. 30 ఇంధనపు కట్టలను శుభ్రం చేయుటకై నీటి అడుగున ఒక మూత గల తొట్టిలో ఉంచినారు. చుట్టును పది మీటర్ల నీరు. కాని తొట్టిలోపల నీరు చాలినంత పారలేదు. కట్టలు కాగిపోయి, మూత తెరువగా చన్నీరు తగిలి చిట్లిపోయినవి. నీటి నడుమ ఉండియు నీరు అందక పాడైనవి! నీరు ఉండుట చాలదు, అది పారవలెనని దానితో తెలిసినది.

మూడవది జపానులో. 2011 మార్చి 11న భూకంపం, సముద్రపు ఉప్పెన వచ్చి ఫుకుషిమా కేంద్రమునకు విద్యుత్తు పోయినది. నాలుగవ రియాక్టరు కొలనులో 1,535 కట్టలు ఉన్నవి. ఆ భవనంలో పేలుడు జరుగగా, కొలను ఎండిపోయినదేమోనని ప్రపంచం గుండె చిక్కబట్టుకొన్నది. ఎండినచో జిర్కోనియం మండును, అడ్డు తొలగిన కిరణముల ముందు మనిషి నిలువలేడు. మూడవ రియాక్టరు కొలను మీద హెలికాప్టర్ల నుండి నీరు కురిపించినారు. పొడవైన చేతి గల కాంక్రీటు పంపులతో నాలుగవ దానికి నీరు అందించినారు. తరువాత పరిశీలించగా నాలుగవ కొలనులో ఇంధనం మునిగియే ఉన్నదని తేలినది. ఆ 1,535 కట్టలను 2014 డిసెంబరు నాటికి క్షేమముగా తీసివేసినారు. కొలను నిలిచినది నిజమే. నీరు అందించుటకు రెండవ దారి, మూడవ దారి ఉండవలెనని బుద్ధి చెప్పినదియు నిజమే. ఆ తరువాత మన దేశపు కేంద్రములలో కూడ బయటి నుండి నీరు ఎక్కించుటకు అదనపు ఏర్పాట్లు చేసినారు.

కొలను శాశ్వత నివాసం కాదు. కొన్ని ఏండ్లు చల్లారిన తరువాత కొన్ని దేశములు ఇంధనమును ఉక్కు, కాంక్రీటు పీపాలలో గాలి తగులునట్లు నిలువ చేయుచున్నవి. అమెరికాలో ఈ పద్ధతికి మొదటి అనుమతి 1986లో లభించినది. మన దేశపు విధానం వేరు. వాడిన ఇంధనంలో పనికివచ్చు ప్లూటోనియం, యురేనియం మిగిలియున్నవి గనుక దానిని చెత్త అనక సొత్తు అన్నారు. 1964లోనే ట్రాంబేలో వానిని వేరుచేయు కర్మాగారం పనిచేయ నారంభించినది. చివరకు మిగిలిన అసలు వ్యర్థమును గాజులో కలిపి పోతపోయుదురు. అయినను అనుకొన్నది అనుకొన్నట్లు జరుగదు. 1969లో ప్రారంభమైన తారాపూరు రియాక్టర్ల ఇంధనం విషయంలో అమెరికాతో అంగీకారం కుదరక, అది తలచినదాని కన్న ఎంతో కాలం కొలనులలోనే నిలిచిపోయినది.

ఇక చివరి మజిలీ మాట. ఇది మన ఇరుగుపొరుగు కథ. దేవనహళ్ళికి నూరు కిలోమీటర్లకు మించని దూరంలో కోలారు బంగారు గనులు ఉన్నవి. చిత్తూరు సీమ నుండి, అరవ దేశం నుండి వలస వెళ్లిన కూలీలు మూడు కిలోమీటర్లకు పైగా లోతున బంగారం త్రవ్విన చోటు అది. గనులు 2001లో మూతపడినవి. అంతకు ముందే అక్కడి లోతైన రాతిలో, వ్యర్థముల వేడికి రాయి ఎట్లు ఓర్చుకొనునో తెలిసికొనుటకై అణుశక్తి శాఖవారు ప్రయోగములు చేసియున్నారు. 2012 నవంబరులో కూడంకుళం కేసు సుప్రీంకోర్టులో నడుచుచుండగా, వ్యర్థములకు కోలారు గనుల పేరు వినబడినది. ఆ సీమ అంతయు ఉలికిపడినది. జనం వీధులలోనికి వచ్చినారు. అటువంటి యోచన లేదని ప్రభుత్వం ప్రకటించినది. 2013 మే 6న సుప్రీంకోర్టు కూడంకుళమునకు అనుమతి నిచ్చుచు, వాడిన ఇంధనమును రియాక్టరుకు దూరముగా నిలువచేయు ఏర్పాటు గురించియు, భూగర్భపు శాశ్వత నిలువ గురించియు త్వరపడవలెనని ఆదేశించినది.

కోలారు జనం భయపడినారని మనము నవ్వరాదు. తమను అడుగకుండ, తమకు చెప్పకుండ తమ ఊరి పేరు ఎక్కడో వినబడినప్పుడు ఎవరైనను భయపడుదురు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు పెద్ద రియాక్టర్లు కట్టు ప్రతిపాదన కలదు. మనలో ఎందరికో ఆ వైపు బంధువులు ఉన్నారు. తుమ్మలపల్లె చుట్టుపట్ల రైతులు, గని వ్యర్థముల చెరువు ఊట తమ బావులలో కలియుచున్నదని మొర పెట్టుకొనుచున్నారు. ఇంధనపు కొలను వేరు, గని వ్యర్థముల చెరువు వేరు. ఒకటి ఉక్కు రేకు తొడిగి అనుక్షణం కాచునది, రెండవది ఆరుబయట నిలుచునది. ఈ భేదం తెలియక రెంటినీ ఒకే గాటకు కట్టుట తప్పు. కొలను భద్రముగా ఉన్నదని చెప్పి చెరువు మాట దాటవేయుటయు తప్పే.

కాబట్టి పెద్దమ్మగారికి మా సమాధానం ఇది. అమ్మా, ఆ బూడిదను నీటిలో ఉంచుట మంచి ఉపాయమే. ఎనుబదేండ్ల అనుభవం దానికి కలదు. నీరు ఉన్నంతవరకు, అది పారుచున్నంతవరకు, గోడ గట్టిగా ఉన్నంతవరకు, ఆ గట్టు మీద ఒక మనిషి మెలకువగా ఉన్నంతవరకు భయం లేదు. ఆ నాలుగింటిలో ఏది లోపించినను ముప్పే. మన ఊరి చెరువు కూడ ఇంతే గదా! కట్ట కాచు నీరుగంటి నిద్రపోయిన రాత్రియే గండి పడును.

మన పిల్లలలో కొందరు రేపు ఇంజనీర్లై ఆ గట్ల మీద నిలుచుందురు. తక్కినవారు ఆ వెలుగున చదువుకొందురు. నిలుచున్నవారు మెలకువగా ఉండవలెను. చదువుకొన్నవారు అడుగుచుండవలెను. పెద్దమ్మగారు అడిగినట్లు, జంకు లేకుండ, తెలిసిన మాటలలో అడుగవలెను. ఆ ప్రశ్న అడిగిన ఆమెకు నమస్కరించుచున్నాము.